డౌన్ కంఫర్టర్ హైదరాబాద్ ఇంట్లో: వాడకం, ఉతకడం, ఆరబెట్టడం, దాచడం

డౌన్ కంఫర్టర్ అంటే పక్షుల మెత్తటి నూగు నింపి కుట్టిన ఉబ్బెత్తు దుప్పటి. దీన్ని ఉతకడం పెద్ద కష్టమేం కాదు, ఆరబెట్టడమే అసలు పని. అందుకే ఎక్కడ ఆరబెడతారో, వరసగా ఎన్ని రోజులు ఎండ కాస్తదో తేల్చుకోకుండా దాన్ని నీళ్ళల్లో ముంచొద్దు. ఈ ఒక్కటి గుర్తుంటే మిగతావన్నీ చిన్న విషయాలే, అవి కూడా చెప్తా. కానీ ముందు అసలు ఇది మన ఊరికి పనికొస్తదా లేదా అన్నది చూద్దాం, ఎందుకంటే చాలా ఇళ్ళల్లో ఇది కావాలని కొన్నది కాదు, అమెరికా నుంచి అమ్మాయో తమ్ముడో వచ్చేటప్పుడు సూట్‌కేస్‌లో కుక్కి తెచ్చింది, ఇక్కడికొచ్చాక దీన్ని ఏం చెయ్యాలో తెలీక దివాన్‌లో పడేస్తారు, మళ్ళీ వాళ్ళు వస్తున్నారంటేనే బయటికి తీస్తారు.

లోపల ఏముంటది

బాతులకీ గూస్‌లకీ పైకి కనిపించే ఈకల కింద, రొమ్ము దగ్గర ఎక్కువగా, మెత్తటి నూగు ఉంటది, డౌన్ అంటే అదే. మామూలు ఈకకి ఉన్నట్టు దీనికి మధ్యలో గట్టి కాడ ఉండదు, చిన్న చుక్కంత మొదలు నుంచి అన్ని వైపులకీ సన్నటి పోగులు విచ్చుకుని ఉంటయ్. బూరుగు కాయ పగిలి దూది గాల్లో ఎగరడం చూసినోళ్ళకి ఇది ఎట్లుంటదో వెంటనే అర్థమైతది. ఆ పోగుల మధ్య గాలి చిక్కుకుంటది, మనకి వెచ్చదనం ఇచ్చేది ఆ గాలే. కాబట్టి కంఫర్టర్ ఉబ్బి ఉన్నంతసేపే పని చేస్తది. తడిసి ముద్దైనా, తల నూనె పట్టి అతుక్కుపోయినా, నెలలకి నెలలు బరువు కింద నలిగినా, ఎంత డబ్బు పోసి కొన్నదైనా మామూలు దుప్పటి కంటే అధ్వానం అయిపోతది. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఈ ఉబ్బు పోకుండా చూస్కోడానికే.

లేబుల్ మీద ఫిల్ పవర్ అని ఒక నంబర్ ఉంటది, 600, 700, 800 ఇట్లా. ఒక ఔన్స్, అంటే 28 గ్రాముల డౌన్, ఎన్ని క్యూబిక్ అంగుళాల జాగా నింపుతదో ఆ లెక్క. 600 అంటే ఆ 28 గ్రాములే దాదాపు 10 లీటర్ల జాగా నింపుతయ్, మనింటికొచ్చే వాటర్ క్యాన్‌లో సగం అన్నమాట. నంబర్ పెరిగితే వెచ్చదనం పెరుగుతదని చాలామంది అనుకుంటారు కానీ అది సగం నిజమే, నంబర్ ఎక్కువుంటే తక్కువ బరువుతో అదే వెచ్చదనం వస్తది, అంతే. లోపల మొత్తం ఎన్ని గ్రాములు నింపారన్నది కూడా చూడాలి. క్వీన్ సైజులో లోపలి డౌన్ అర కిలోకి అటూఇటూ ఉంటే మనకి చాలు, కిలో దాటినవి మంచు కురిసే ఊళ్ళ కోసం చేసినవి. బ్రిటన్ నుంచి వచ్చినవాటి మీద టాగ్ అని రాసుంటది, అది వెచ్చదనం కొలత, 4.5 టాగ్ అంటే వాళ్ళకి ఎండాకాలందీ 13.5 అంటే చలికాలందీ, మనం 4.5 దగ్గరే ఆగిపోవాలి.

ఇంకోటి, మన ఆన్‌లైన్ సైట్లల్లో కంఫర్టర్ అని అమ్మేవాటిల్లో ఎక్కువ శాతం పాలిస్టర్ మైక్రోఫైబర్‌వే. డౌన్ ఆల్టర్నేటివ్ అని రాసున్నా అదే. వెయ్యికో రెండు వేలకో డబుల్ బెడ్ సైజు వస్తుందంటే అందులో డౌన్ ఉండే ఛాన్స్ లేదు. దాంట్లో తప్పేం లేదు గానీ దాన్ని చూస్కునే పద్ధతి వేరు, అది మామూలుగా ఉతికి తాడు మీద ఆరేసుకోవచ్చు. మీ దగ్గరున్నది ఏదో తెలీకపోతే లేబుల్ వెతకండి, లేబుల్ కత్తిరించేసి ఉంటే గుప్పిట్లో గట్టిగా పిసికి వదలండి, డౌన్ అయితే చేతిలో ఏమీ లేనట్టు చిన్నగా అయిపోయి వదలగానే మెల్లగా పైకి లేస్తది, మధ్యమధ్యలో పుల్లల్లాంటివి గుచ్చుకుంటే ఈకలు కూడా కలిపారని అర్థం.

మన ఊరికి అవసరమా

నిజం చెప్పాలంటే చలి కోసమైతే అంత అవసరం లేదు. డిసెంబర్, జనవరి రాత్రిళ్ళు సిటీలో 15 డిగ్రీలకి అటూఇటూ ఉంటది, పటాన్‌చెరు, రాజేంద్రనగర్, గచ్చిబౌలి యూనివర్సిటీ వైపు కొన్ని రాత్రులు సింగిల్ డిజిట్‌కి పడిపోతది. 1946 జనవరిలో ఒకసారి 6.1 డిగ్రీలు నమోదైందంట, ఇప్పటికీ హైదరాబాద్ రికార్డు అదే. ఆ పది పదిహేను చలి రాత్రుల కోసం అయితే అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంత చాలు, ఊర్నుంచి తెచ్చిన గొంగడి ఉంటే ఇంకేం అక్కర్లేదు.

డౌన్ మన దగ్గర అసలు పనికొచ్చేది ఏసీ గదిలో. మార్చి నుంచి జూన్ దాకా ఏసీ వేసుకుని పడుకుంటాం, రాత్రి పన్నెండింటికి ఉక్క, తెల్లారుజామున మూడింటికి వణుకు. అక్కడ పాలిస్టర్‌ది కప్పుకుంటే లోపల చెమట పట్టి జిగటగా అనిపిస్తది, పల్చటి దుప్పటి ఆనదు. కాటన్ గుడ్డలో నింపిన డౌన్ అయితే చెమట ఆవిరిని బయటికి పోనిస్తది, బరువు తెలీదు. ఇంకొక సంగతి, స్టార్ లేబుల్ ఉన్న ఏసీలు 2020 నుంచి ఆన్ చెయ్యగానే 24 డిగ్రీల మీద మొదలవ్వాలని రూల్ పెట్టారు, ఒక్క డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంట్ మిగులుతదని ఆ స్టార్ లేబుళ్ళు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ లెక్క. మనమేమో దాన్ని 18కి దించి మీద మందపాటి కంఫర్టర్ కప్పుకుంటాం! పల్చటి డౌన్ పెట్టుకుని 25, 26 మీద వదిలేస్తే హాయిగా నిద్రపడతది, బిల్లు కూడా దిగుతది.

ఎవరికి వద్దంటా? పక్క తడిపే చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు, మంచం మీదే గీరే పిల్లి ఉంటే వద్దు. ఏసీ లేకుండా ఫ్యాన్ కింద పడుకునేవాళ్ళకి అసలే వద్దు. శాకాహారులు కూడా ఒక మాట ఆలోచించుకోవాలి, ఈ నూగు చాలావరకు మాంసం కోసం పెంచే పక్షుల నుంచే వస్తది. బతికున్న వాటి నుంచి పీకుతున్నారని పెద్ద గొడవ అయ్యాక 2014లో రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్ అని ఒక సర్టిఫికేట్ వచ్చింది, లేబుల్ మీద ఆర్‌డీఎస్ అని కనిపిస్తది, కొనేటప్పుడు అది చూడండి. అయినా ఇంట్లో పెద్దావిడ "పక్షి ఈకలు మంచం మీదెందుకమ్మా" అంటే వాదన పెట్టుకోకండి, ఆవిడ గదిలోకి మైక్రోఫైబర్‌దో మల్మల్ దోహరో ఇచ్చెయ్యండి, అందరికీ ప్రశాంతం.

సూట్‌కేస్‌లోంచి తీశాక

వ్యాక్యూమ్ బ్యాగ్‌లో అప్పడంలా వచ్చిన కంఫర్టర్‌ని చూసి ఇదేంటి ఇంతేనా అనుకోవద్దు. బయటికి తీసి నాలుగు మూలలా పట్టుకుని దులిపి మంచం మీద పరిచి ఒకట్రెండు రోజులు వదిలెయ్యండి, లేస్తది. కొద్దిగా పక్షి వాసన ఉంటే గాలికి పోతది. నాలుగు రోజులైనా పోకపోతే, పైగా ముక్కిపోయిన వాసన వస్తుంటే ఎక్కడో తడి తగిలిందన్నమాట, ఎండ చూపించాల్సిందే.

తర్వాత కవర్. ఇది లేకుండా ఒక్క రాత్రి కూడా వాడొద్దు, దిండుకి గలీబు ఎట్లనో దీనికి కవర్ అట్లా. కవర్ రెండు వారాలకోసారి మెషీన్‌లో పడేస్తుంటే లోపలిదాన్ని రెండు మూడేళ్ళకోసారి ఉతికినా సరిపోతది. కానీ ఇక్కడే సైజు తంటా వస్తది, అమెరికా క్వీన్ కంఫర్టర్ 90 అంగుళాల చదరానికి దగ్గర్లో ఉంటది, కింగ్ అయితే 100 దాటిపోతది, మన దగ్గర దొరికే కవర్లేమో 90 ఇంటూ 100, 90 ఇంటూ 108 అట్లా ఉంటయ్, ఏది దేంట్లో పడుతదో తెలీదు. టేపు పెట్టి మీదాన్ని కొలవండి, కుట్టు నుంచి కుట్టు దాకా. కవర్ దానికి సమానంగా గానీ ఒకట్రెండు అంగుళాలు తక్కువ గానీ ఉండాలి, పెద్దదైతే లోపలిది జారి ఒక మూలకి చేరి ఖాళీ కవర్ కప్పుకుని పడుకోవాల్సి వస్తది.

అన్నిటికంటే చవకైన పద్ధతి, రెండు మెత్తబడిన కాటన్ డబుల్ బెడ్‌షీట్లు తీస్కెళ్ళి మీ వీధి టైలర్‌కి ఇవ్వడం. మూడు వైపులా మూసి నాలుగో వైపు జిప్పో గుండీలో పెట్టమనండి, లోపల నాలుగు మూలల్లో జానెడు నాడాలు కుట్టమనండి, ఈ నాడాలు మర్చిపోతారు, దగ్గరుండి చెప్పాలి. కంఫర్టర్ మూలలకి గుడ్డ రింగులు లేకపోతే ఒక మూల పట్టుకుని దాని చుట్టూ నాడా కట్టేస్తే చాలు. కొత్త గుడ్డ అయితే కుట్టించే ముందే ఒకసారి నీళ్ళల్లో వేసి తియ్యండి, కుదించుకుపోతది. చేనేత గుడ్డ అందంగా ఉంటది గానీ రంగు దిగుతదేమో ముందు చూస్కోండి.

తొడగడం తెలీక ఇద్దరు మనుషులు కవర్‌లో దూరి కుస్తీ పడుతుంటారు. కవర్‌ని తిరగేసి పట్టుకోండి, రెండు చేతులూ లోపలికి పోనిచ్చి దూరంగా ఉన్న రెండు మూలలు పట్టుకోండి, అదే చేతులతో, కవర్ గుడ్డ మీంచే, కంఫర్టర్ రెండు మూలలు బిగించి పట్టుకుని విదిలించండి, కవర్ దానంతటదే దాని మీదికి దిగుతది. నాడాలు ముందే కట్టుకుంటే ఇంకా సులువు.

రోజూ ఏం చెయ్యాలి

లేవగానే మడత పెట్టెయ్యడం మనకి అలవాటు, అమ్మలు అట్లనే నేర్పారు. దీనికి మాత్రం ఒక అరగంట ఆగండి, పరిచి వదిలేసి ఫ్యాన్ వెయ్యండి. రాత్రంతా మనం వదిలిన చెమట ఆవిరి లోపల ఉంటది, అది పోయాక దులిపి మడత పెట్టుకోవచ్చు. నెలకోసారి పొద్దున ఎండలో ఒక గంట, ఒక పక్క అరగంట ఇంకో పక్క అరగంట. బాల్కనీ రెయిలింగ్ మీద వేస్తే మన సిటీ పావురాలు వదలవు కదా, అందుకే మీద ఒక పాత పంచె కప్పండి, రెట్టా పడదు, ఎండకి గుడ్డ రంగూ పోదు. కొండాపూర్, నార్సింగి లాంటి చోట పక్కనే కన్‌స్ట్రక్షన్ నడుస్తుంటే బాల్కనీ వద్దే వద్దు, కిటికీలోంచి ఎండ పడే గది చాలు.

మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సింది తల నూనె గురించి. కొబ్బరి నూనె పెట్టుకుని పడుకుంటే మెడ దగ్గరుండే అంచుకి మెల్లగా పసుపుపచ్చ మరక ఎక్కుతది, కవర్ దాటి లోపలికి పోతే ఆ భాగంలో నూగు అంటుకుపోయి పల్చబడతది, పాత నూనె వాసన ఎంత ఉతికినా పోదు. పైన అంచు మీదికి జానెడు మడిచేట్టు ఒక పాత కాటన్ చీర ముక్కని రెండు మూడు చోట్ల టాకా వేసి పెట్టుకోండి, దాన్నొక్కదాన్నే విప్పి వారానికోసారి ఉతుక్కోవచ్చు.

టీ ఒలికితే రుద్దొద్దు, పొడి గుడ్డతో అద్దండి, కవర్ వెంటనే లాగెయ్యండి. లోపలి గుడ్డకి తగిలితే ఆ చోట నూగుని వేళ్ళతో పక్కకి తోసేసి ఖాళీ గుడ్డని మాత్రమే చిటికెడంతగా పట్టుకుని ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్‌తో తడి గుడ్డ పెట్టి తుడవండి, హెయిర్ డ్రయర్ చల్లగాలి మీద పెట్టి ఆరబెట్టండి. ఇట్లా చేస్తే లోపలి నూగు తడవనే తడవదు. పసుపు మరక అయితే గాబరా పడొద్దు, సబ్బు తగిలి ఎర్రగా మారినా సరే ఎండలో పెడితే దానంతటదే వెలిసిపోతది.

ఉతకడం

ఎప్పుడన్నది ముందు. మన ఊళ్ళో దీనికి సరైన టైమ్ ఫిబ్రవరి చివర్నుంచి ఏప్రిల్ మొదటి సగం దాకా, గాలి పొడిగా ఉంటది, ఎండ బలంగా ఉంటది. ఏప్రిల్ చివర్లో, మేలో సాయంత్రాలు ఉన్నట్టుండి గాలివాన వస్తది, కాస్త రిస్కు. జూన్ నుంచి అక్టోబర్ దాకా అసలు తలపెట్టొద్దు. సంక్రాంతి వారం కూడా వదిలెయ్యండి, ఎండ బాగుంటది గానీ టెర్రస్ మొత్తం పతంగుల పిల్లలు, మాంజా ఒక్కసారి గీసుకుందంటే గుడ్డ చిరిగి నూగంతా పక్క బిల్డింగ్ దాకా పోతది.

ఇంకో లెక్క నీళ్ళది. బోరు నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు ఉప్పగా ఉంటయ్, నురగ రాదు, వస్తే పోదు, ఆరాక గుడ్డ బిరుసెక్కుతది. నల్లాలో మంజీరా నీళ్ళు గానీ కృష్ణా నీళ్ళు గానీ వచ్చే రోజు చూస్కుని పెట్టుకోండి.

ఉతికే ముందు ఒక పని తప్పకుండా చెయ్యండి, అమెరికా వెళ్ళొచ్చే ప్రతి ఇంట్లో సూట్‌కేస్ బరువు చూసే చిన్న వేలాడే కాటా ఉంటది కదా, కంఫర్టర్‌ని ఒక బట్ట సంచిలో పెట్టి దానికి తగిలించి బరువు రాసి పెట్టుకోండి. ఎందుకో ఆరబెట్టేటప్పుడు చెప్తా. అట్లనే కుట్లు మొత్తం వేళ్ళతో తడిమి చూడండి, ఎక్కడన్నా ఊడితే ఇప్పుడే సన్న సూదితో వేసెయ్యండి, నీళ్ళల్లో పడ్డాక అది చిన్న రంధ్రంగా ఉండదు.

మెషీన్ అయితే ఫ్రంట్ లోడ్. పొడిగా ఉన్న కంఫర్టర్‌ని డ్రమ్‌లో వేస్తే పైన మూడో వంతన్నా ఖాళీ కనిపించాలి, మోకాలితో తోసి తలుపు వెయ్యాల్సి వస్తే అది మీ మెషీన్‌లో పట్టదన్నమాట, మధ్యలో సబ్బు పోదు. 7 కిలోల మెషీన్‌లో సింగిల్‌ది, పల్చటిది పడతది, క్వీన్‌కి 9, 10 కిలోలది ఉండాలి. టాప్ లోడ్‌లో గాలి నిండి పైకి తేలుతది, కింద తిరిగే చక్రం గుడ్డని మెలిపెట్టి, నూగు ఒక చోటికి జారకుండా గళ్ళుగా కుట్టిన లోపలి అరల కుట్లు తెంపుతది, వద్దు. సెమీ ఆటోమేటిక్ సంగతి చెప్పక్కర్లేదు.

ఊలు బట్టలకి వాడే ఈజీ లాంటి లిక్విడ్, అది కూడా మామూలుగా పోసేదాంట్లో సగం. బట్టల పౌడర్లలో మరకల్లోని ప్రొటీన్‌ని తినే ఎంజైములు ఉంటయ్, ఈ నూగు కూడా ప్రొటీనే, అందుకే పౌడర్ వద్దంటున్నా. కంఫర్ట్ లాంటి సాఫ్ట్‌నర్లు పోగుల మీద పూతలా అంటుకుని ఉబ్బు తగ్గిస్తయ్, బ్లీచ్ అయితే చెప్పనే అక్కర్లేదు. ఊలు ప్రోగ్రామ్ గానీ డెలికేట్ గానీ పెట్టి, 30 డిగ్రీలు, లేబుల్ 40 అంటే 40. జాడించడం రెండుసార్లు ఎక్కువ పెట్టండి. స్పిన్ తక్కువ మీద, అది అయ్యాక ఇంకోసారి ఒక్క స్పిన్ మాత్రం పెడితే ఇంకో చెంబుడు నీళ్ళు దిగుతయ్, ఆరేటప్పుడు ఆ చెంబుడే మీకు ఒక పూట మిగుల్చుతది.

చేత్తో అంటే, పెద్ద టబ్బులో చెయ్యొచ్చు గానీ నడుం పోతది, ముందే చెప్తున్నా. బొంతల్ని తొక్కినట్టు కాళ్ళతో తొక్కొద్దు, అరచేతులతో నొక్కి వదులుతూ ఉండాలి, నీళ్ళు తేటగా వచ్చేదాకా మార్చాలి. పిండొద్దు, టబ్బు గోడకేసి నొక్కి నీళ్ళు కార్చండి. తడిసిన డౌన్ చాలా బరువుంటది, ఒక మూల పట్టుకుని పైకి లాగారంటే ఆ బరువుకి లోపల కుట్లు టపటపా తెగిపోతయ్, రెండు చేతులూ కిందికి పోనిచ్చి మొత్తంగా ఎత్తండి, లేదా ఇంకో మనిషిని పిలవండి.

ఆరబెట్టడం

మెషీన్‌లోంచి తీసిన కంఫర్టర్‌ని చూస్తే ఏడుపొస్తది. అక్కడక్కడ తడి ముద్దలు, మధ్యలో ఖాళీ గుడ్డ, పైగా తడిసిన కోడి వాసన. పాడైపోయిందని అనుకోకండి, ప్రతిదీ అట్లనే ఉంటది, ఆరుతూ ఉంటే మళ్ళీ లేస్తది.

తాడు మీద వేస్తే నూగంతా కిందికి జారి ముద్దలైతది, పడుకోబెట్టే ఆరబెట్టాలి. దీనికి నవారు మంచాన్ని మించింది లేదు, ప్లాస్టిక్ పట్టీల మడత మంచమైనా ఓకే, కింద నుంచి కూడా గాలి తగులుతది. టెర్రస్ మీద మంచం వేసి కింద ఒక పాత చీర, దాని మీద కంఫర్టర్, పైన తెల్ల పంచె. పొద్దున ఎనిమిదింటికల్లా వేసెయ్యండి. గంటకోసారి వెళ్ళి తిరగెయ్యాలి, తిరగేసినప్పుడల్లా ఒక్కో అర దగ్గర కూర్చుని ముద్దల్ని రెండు చేతుల వేళ్ళ మధ్య పెట్టి మెల్లగా విడదియ్యాలి. మొదట్లో ముద్ద చల్లగా, జిగురుగా ఉంటది, విడదీసిన కొద్దీ ముక్కలవుతది, మధ్యాహ్నానికి వేళ్ళ కింద చిన్న గోలీల్లా తగులుతది, సాయంత్రానికి వాటిల్లో సగం మాయమైతయ్. ఈ పని ఎవరికీ ఇష్టం ఉండదు గానీ ఇది చెయ్యకపోతే పైన గుడ్డ ఎండిపోయి లోపల ముద్ద పచ్చిగా ఉండి, రెండు రోజుల్లో ముక్కిపోతది, ఆ వాసన పట్టిందంటే ఇక పారెయ్యడమే. కోతులు తిరిగే ఏరియా అయితే ఎవరో ఒకరు కాపలా ఉండండి, నవ్వులాటకి చెప్పట్లేదు.

సాయంత్రం అయిదింటికి లోపలికి తెచ్చెయ్యాలి, రాత్రి మంచు పడితే పగలు చేసిన పని మళ్ళీ మొదటికొస్తది. రాత్రి హాల్లో నాలుగు కుర్చీల మీద పరిచి ఫ్యాన్ ఫుల్లులో పెట్టండి, ఏసీ ఉంటే డ్రై మోడ్. మర్నాడు మళ్ళీ టెర్రస్. పల్చటిది రెండో రోజుకి ఆరిపోవచ్చు, మందంగా ఉంటే మూడో రోజు కూడా పడతది.

ఆరిందని ఎట్లా తెలుస్తది? పైన ముట్టుకుంటే తెలీదు. ఎండలోంచి తెచ్చి గంటసేపు నీడలో పెట్టాక బుగ్గకి ఆనించి చూడండి, ఎక్కడైనా చల్లగా తగిలితే అక్కడ తడి ఉంది. ట్యూబ్‌లైట్‌కి అడ్డంగా పట్టుకుంటే ముద్దలు నల్ల మచ్చల్లా కనిపిస్తయ్. అన్నిటికంటే నమ్మకమైంది ఆ సూట్‌కేస్ కాటా, ఉతికే ముందు రాసుకున్న బరువుకి వచ్చిందంటే ఆరినట్టు, 200 గ్రాములు ఎక్కువ చూపిస్తుంటే లోపల గ్లాసుడు నీళ్ళు దాక్కుని ఉన్నట్టు. కాటా అబద్ధం చెప్పదు.

డ్రయర్ ఉన్నోళ్ళ పని సులువు, తక్కువ వేడి మీద, శుభ్రమైన తెల్ల సాక్సుల్లో రెండు మూడు కొత్త టెన్నిస్ బంతులు కట్టి లోపల వేస్తే అవి కొట్టుకుంటూ ముద్దల్ని విడదీస్తయ్, సాక్సులు ఎందుకంటే బంతి పచ్చరంగు అంటకుండా. అరగంటకోసారి తీసి దులిపి మళ్ళీ వెయ్యాలి, మూడు నాలుగు గంటలు పడతది. తొందరకని వేడి పెంచితే నూగు పెళుసై విరుగుతది. ఒకే మెషీన్‌లో వాషర్ డ్రయర్ రెండూ ఉన్నోళ్ళు గమనించండి, ఉతికే కెపాసిటీ కంటే ఆరబెట్టే కెపాసిటీ తక్కువుంటది, ఉతకడానికి పట్టింది కదా అని ఆరడానికి పట్టదు.

బయట ఇచ్చేస్తే

అపార్ట్‌మెంట్ టెర్రస్ తాళం తియ్యరు, ఇంట్లో జాగా లేదు అంటే బయట ఇవ్వడమే నయం. కానీ బ్లాంకెట్ రేటు ఎంత అని కాకుండా నాలుగు ముక్కలు అడగండి: నీళ్ళతో ఉతుకుతారా పెట్రోల్ వాష్ అంటే డ్రై క్లీనింగ్ చేస్తారా, వేరే వాళ్ళ బట్టలతో కలుపుతారా, పెద్ద డ్రయర్ ఉందా, వేడి ఎంత పెడతారు. డ్రై క్లీనింగ్ ద్రావకాలు నూగుకి సహజంగా ఉండే నూనెని లాగేస్తయ్, అందుకే లేబుల్ మీద టబ్బు బొమ్మ ఉంటే నీళ్ళ వాషే చేయించండి, ఒట్టి గుండ్రం మాత్రమే ఉండి టబ్బు మీద ఇంటూ కొట్టి ఉంటే అప్పుడు డ్రై క్లీన్. ఇస్త్రీ వద్దని బిల్లు మీద రాయించండి. తెచ్చుకునేటప్పుడు అక్కడే ప్యాకింగ్ కవర్ చింపి అరలు పట్టుకుని చూడండి, తడి ఉంటే అక్కడే వదిలేసి రండి, ఇంటికొచ్చాక ఫోన్ చేస్తే "మా దగ్గర బానే ఉండె మేడమ్" అంటారు.

దాచడం, చిరగడం

వానాకాలంలో వాడకపోతే పాత కాటన్ చీరలో వదులుగా మూట కట్టి అల్మారాలో పై అరలో పెట్టండి, పైన ఇంకేం పెట్టొద్దు. పాలిథిన్ కవర్‌లో తేమ చిక్కుకుంటది, వ్యాక్యూమ్ బ్యాగ్ ప్రయాణానికే గానీ నెలల తరబడి కాదు. దివాన్‌లో పెట్టాల్సి వస్తే పరుపుల కింద కాకుండా అన్నిటికంటే పైన. వానకి చెమ్మెక్కే గోడకి ఆనించొద్దు. నాఫ్తలీన్ ఉండల వాసన ఒకసారి పట్టిందంటే చలికాలమంతా దాన్నే పీల్చుకుంటూ పడుకోవాలి, బాగా ఎండిన వేపాకు బట్టలో మూట కట్టి పెట్టడం మేలు. ఆగస్టులో వాన తెరిపిచ్చిన రోజు ఒకసారి బయటికి తీసి దులపండి.

ఈక ఒకటి గుడ్డలోంచి పొడుచుకొస్తే బయటికి పీకొద్దు, దాని వెనకే ఇంకో నాలుగు వస్తయ్. అవతలి వైపు నుంచి గుడ్డతో సహా పట్టుకుని లోపలికి లాగి, ఆ రంధ్రాన్ని వేలితో రుద్దితే పోగులు మూసుకుంటయ్. చిన్న చిరుగుకి కుట్టు కంటే గట్టి నేత కాటన్ ముక్కని ఫ్యాబ్రిక్ గమ్‌తో అంటించడం మంచిది, సూది గుచ్చిన ప్రతి చోటా కొత్త దారి ఏర్పడుతది.

బాగా చూస్కుంటే పది పదిహేనేళ్ళు వస్తది. ఎంత ఎండలో పెట్టి దులిపినా లేవకుండా, చేతికి పొడిపొడిగా ఇసుకలా తగులుతుంటే నూగు విరిగిపోయిందని అర్థం. సగం అరలు బాగుండి సగం పోతే మాత్రం పారెయ్యక్కర్లేదు, టైలర్‌కి ఇచ్చి బాగున్న అరల అంచున నూగుని పక్కకి తోసి అంగుళం ఎడంతో రెండు వరసలు దగ్గర కుట్టు వేయించి, ఆ రెండు వరసల మధ్యలో కత్తిరించమనండి, ఈక కూడా ఎగరదు, పిల్లలకి సరిపోయే చిన్నది ఒకటి వస్తది. టైలర్ ఫ్యాన్ ఆపేశాకే కత్తెర పెట్టనివ్వండి.